సీలు మేడమ్ రాసిన ఆరు నిమిషాలు

ఆ ఇంటర్నేషనల్ స్కూలుకి గేటు ఒక్కటే గానీ, లోపల ఉన్నవి రెండు కాపురాలు. గేటు దాటగానే ఎడమ వైపు నాలుగంతస్తుల మేడ బ్రిటిష్ సిలబస్ వాళ్ళది. కుడి వైపు కొత్తగా లేచిన మేడ అమెరికన్ సిలబస్ వాళ్ళది. మధ్యలో ఆటస్థలం, దాని చివర రెండు మేడలనూ కలుపుతూ ఒక పొడవాటి వరండా. ఎడమ వైపు పిల్లలు టై కట్టుకుంటారు, టీచరు వస్తే లేచి నిలబడతారు, రెండేళ్ళు చదివిందంతా చివర్లో వచ్చే పరీక్షల్లో కక్కేస్తారు. కుడి వైపు పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని పాఠం వింటారు, టీచరుతో జోకులేస్తారు, వారం వారం మార్కులు పోగేసుకుంటారు. ఇద్దరూ ఒకే క్యాంటీన్లో తింటారు కాబట్టి పిల్లల మధ్య గొడవలేమీ లేవు. ఎడమొహం పెడమొహంగా ఉండేది టీచర్లే.

ఈ రెండు కాపురాల పరీక్షలూ నడిపేది మాత్రం ఒక్క మనిషి. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉంది. పిల్లలకీ, టీచర్లకీ, బస్సు డ్రైవర్లకీ కూడా ఆవిడ సీలు మేడమ్.

ప్రశ్నపత్రాలు దూరదేశం నుంచి మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో, సీలు వేసి వస్తాయి. కిటికీ లేని గదిలో, ఇనప బీరువాలో, రెండు తాళాల కింద ఉంటాయి. ఒక తాళంచెవి ఆవిడ దగ్గర, రెండోది ప్రిన్సిపాల్ దగ్గర. పరీక్ష రోజున సంచి బయటికి తీసి, సీలు చెక్కు చెదరలేదని ముందు తను చూస్తుంది. తర్వాత ఇద్దరు సాక్షులకి చూపిస్తుంది. చూపించడమంటే మామూలుగా కాదు, పెళ్ళిచూపుల్లో చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూడాలి. 'సరేలెండి మేడమ్' అని గబగబా సంతకం పెట్టబోయిన వాళ్ళకి మళ్ళీ మొదటి నుంచీ చూపించేది. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క పరీక్ష గురించి ఒక్క ఫిర్యాదు బోర్డుకి పోలేదు. ఆ సంగతి తనంతట తాను ఎవరికీ చెప్పదు. ఎవరైనా అడిగేదాకా మాత్రం మాటని అటే నడిపిస్తుంది.

ఆవిడకి ఒక్కతే కూతురు. అదే స్కూల్లో, ఎడమ వైపు మేడలో, ఆఖరి సంవత్సరం. పరీక్షల ఆఫీసరు కడుపున పుట్టిన పాపానికి ఆ పిల్ల ఐదేళ్ళప్పుడే బొమ్మలన్నిటినీ హాల్లో ఐదడుగుల దూరాన వరసగా కూర్చోబెట్టి, ఎలుగుబంటి ఒళ్ళోంచి పుస్తకం లాక్కుని, దాన్ని గది బయట నిలబెట్టింది. వాళ్ళ నాన్న కళ్ళద్దాల షాపులో అద్దాలు సానబెట్టే మనిషి, ఆ రోజు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. పేపరు రాసిన తర్వాత ఇరవై నాలుగు గంటలు దాని గురించి ఎవరూ మాట్లాడకూడదు. ఒక దేశంలో రాసిన పేపరు ఇంకో దేశంలో ఇంకా రాస్తూ ఉండొచ్చని బోర్డు పెట్టిన నియమం అది. మిగతా ఇళ్ళల్లో పిల్లలు గుమ్మంలో కాలు పెట్టగానే 'ఎలా రాశావ్' అని అడుగుతారు. ఈ ఇంట్లో ఆ మాట మర్నాడు అడుగుతారు.

ఆ ఏడు చిక్కొచ్చి పడింది. కూతురు బ్రిటిష్ సబ్జెక్టులతో పాటు, కుడి వైపు మేడలోని లెక్కల మేడమ్ మీద అభిమానం కొద్దీ అమెరికన్ కాలిక్యులస్ కూడా తీసుకుంది. తీరా టైమ్‌టేబుళ్ళు వచ్చాక చూస్తే, ఆ కాలిక్యులస్సూ బ్రిటిష్ ఫిజిక్సూ ఒకే రోజు, ఒకే పూట. కాలిక్యులస్ ఎనిమిదింటికి మొదలై పదకొండుంపావుకి అవుతుంది. ఫిజిక్స్ తొమ్మిది నుంచి పదిముప్పావు దాకా.

దీన్ని క్లాష్ అంటారు. దీనికీ నియమం ఉంది. అమ్మాయి ముందు కాలిక్యులస్ రాస్తుంది. పన్నెండింటికి విడిగా ఒక గదిలో ఫిజిక్స్ రాస్తుంది. మధ్యలో ఆ ముప్పావుగంటా ఎవరో ఒకరు కంటికి రెప్పలా కాపలా ఉండాలి. పొద్దున ఫిజిక్స్ పేపరు చూసిన వాళ్ళెవరూ ఆ అమ్మాయితో మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, ఎదురుపడకూడదు. ఫోను ఊసే ఉండకూడదు. ఆ కాపలాకి గండి పడితే పేపరు రద్దు చేసే అధికారం బోర్డుకి ఉంది. ఫిజిక్స్ పోతే కూతురు చేరాలనుకున్న ఇంజినీరింగ్ సీటు పోతుంది. ఆ సీటు ఇస్తామన్న ఉత్తరాన్ని ఆ పిల్ల తన మంచం పక్కన గోడకి అంటించుకుని మూడు నెలలైంది.

సీలు మేడమ్‌కి క్లాషులు కొత్త కాదు, ఇలాంటివి డజన్ల కొద్దీ దాటించింది. ఈసారి మాత్రం చేతులు కట్టేసినట్టయింది. సొంత బిడ్డకి తల్లి కాపలా ఉండకూడదు, ఆ బిడ్డ పేపర్లు ముట్టుకోకూడదు. ఆ ఫారం తనే నింపింది, 'నా కూతురు' అన్న గడిలో టిక్కు తనే పెట్టింది. దాంతో కూతుర్ని కాలిక్యులస్ హాలు నుంచి లైబ్రరీ గది దాకా తీసుకొచ్చే పని కుడి వైపు పరీక్షలు చూసే శభాష్ సారు నెత్తిన పడింది.

శభాష్ సారు మంచివాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. పిల్లవాడు పరీక్ష పాసైనా శభాష్, తప్పినా 'ప్రయత్నించావు, శభాష్', బస్సు టైముకి వస్తే డ్రైవరుకి శభాష్. అలాంటి మనిషికి బిడ్డని అప్పగించడమంటే సీలు మేడమ్‌కి మనసొప్పలేదు. వారం ముందు ఆయన్ని కూర్చోబెట్టి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

"పరీక్ష అయ్యాక మిగతా పిల్లల్ని పంపించెయ్యండి. అమ్మాయిని మాత్రం కుర్చీలోంచి లేవనివ్వకండి. అందరూ వెళ్ళాక మీరే స్వయంగా లైబ్రరీ గదికి తీసుకెళ్ళి లైబ్రేరియన్‌కి అప్పగించండి. అంతే సార్. ఒక్క పని."

"శభాష్ మేడమ్! ఎంత వివరంగా చెప్పారు!"

ఆ శభాష్‌తో ఆవిడకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. పసుపు రంగు అట్టముక్క మీద అదే మాట పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. ఆయన దాన్ని కోటు జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఎడమ వైపు మేడలో సీలు మేడమ్ ఫిజిక్స్ సంచిని ఇద్దరు సాక్షుల ముందు అటు తిప్పి ఇటు తిప్పి చూపించి, కత్తెరతో కోసి, నలభై ఒక్క మంది పిల్లలకి పేపర్లు పంచింది. పదిముప్పావుకి అన్నీ వెనక్కి తీసుకుని, లెక్క చూసి, కవర్లో పెట్టి అంటించింది. కూతురి కోసం పక్కన పెట్టిన ఒక్క పేపరుని కెమిస్ట్రీ మేడమ్ విడిగా కవర్లో పెట్టి సీలు వేసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. పదకొండుంపావుకి తన గదిలో కూర్చుని మొదటి గుక్క టీ తాగింది.

కుడి వైపు, కాలిక్యులస్ రాయిస్తున్న జిమ్ములో మాత్రం ఉక్కపోత. ఏసీ మొరాయించింది. శభాష్ సారు కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. పసుపు అట్ట కోటుతో పాటే అక్కడ వేలాడింది. రెండు నిమిషాలు ముందే, పదకొండూ పదమూడుకి పరీక్ష అయిపోయింది. ఆయనకి పన్నెండేళ్ళుగా ఒక అలవాటు. పరీక్ష కాగానే గుమ్మంలో నిలబడి, బయటికి వెళ్ళే ప్రతి పిల్లకీ పిల్లవాడికీ చెయ్యి కలిపి 'శభాష్, వెళ్ళి హాయిగా తిను' అంటాడు. ఎడమ వైపు మేడలో పిల్లల్ని వరసల వారీగా నోరెత్తకుండా పంపిస్తారు. కుడి వైపు మేడలో చెయ్యి కలపకుండా పంపితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. ఇరవై ముగ్గురికీ చెయ్యి కలిపాడు. సీలు మేడమ్ కూతురు పదహారో పిల్ల. కుర్చీలోనే ఉండిపోదామని ఆ పిల్ల చూసింది గానీ, ఆయనే గుమ్మంలోంచి పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని, నవ్వి, బయటికి సాగనంపాడు. పప్పులో కాలేశాడు, అదీ పూర్తిగా మోకాలి దాకా.

చివరి పిల్లవాడు వెళ్ళాక కోటు తొడుక్కుంటే జేబులో అట్ట గరగరలాడింది.

సీలు మేడమ్ రెండో గుక్క టీ తాగబోతుండగా శభాష్ సారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. కోటు ఒక చెయ్యే తొడుక్కున్నాడు.

"మేడమ్... అమ్మాయి..."

"అమ్మాయికి ఏమైంది?"

"నేనే పంపించేశాను. చెయ్యి కలిపి మరీ పంపించాను. బయట చూశాను, కనిపించలేదు."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. కిటికీలోంచి చూస్తే ఆటస్థలం నిండా పిల్లలు. వాళ్ళలో ఫిజిక్స్ రాసిన నలభై ఒక్క మందీ ఉన్నారు. రెండో ప్రశ్నకి నువ్వేం రాశావ్ అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. నియమాలు ఏం చెప్పినా, పిల్లలకి సహజమైన పని అదే. వాళ్ళలో ఒక్కరు, కూతురి స్నేహితురాళ్ళలో ఒక్కతె, ఎదురొచ్చి ఒక్క మాట అంటే చాలు.

టీ కప్పు ఎక్కడ పెట్టిందో ఆవిడకి తెలియదు. మెట్లు దిగింది, దిగడం కాదు, దాదాపు దూకింది. కెమిస్ట్రీ ల్యాబు దాటింది, స్టాఫ్‌రూము దాటింది. పంతొమ్మిదేళ్ళుగా 'వరండాలో పరుగెత్తకండి' అని పిల్లల్ని కేకలేసిన మనిషి చెప్పులు టపటపలాడిస్తూ అదే వరండాలో పరుగెత్తింది. తన కడుపున పుట్టిన పిల్ల భవిష్యత్తు ఎక్కడ తిరుగుతోందో తెలియని ఆ క్షణంలో ఆవిడకి ఏ నియమమూ గుర్తులేదు. పిల్ల కనిపిస్తే చాలు, గట్టిగా పట్టుకుని లైబ్రరీలో కూలేస్తే చాలు.

వరండా మలుపు తిరిగింది. ఎదురుగా, ప్రశ్నపత్రాల గది తలుపు. దాని పైన కెమెరా. సరిగ్గా ఆ కెమెరా కింద, గోడకి మొహం పెట్టి, రెండు చెవుల్లో వేళ్ళు దూర్చుకుని, భుజాన సంచీతో కూతురు నిలబడి ఉంది.

"ఒసేయ్..." అనబోయింది సీలు మేడమ్. కాళ్ళు అటే సాగాయి.

నేల మీద నీడ కదిలిందో, ఏం తోచిందో, కూతురు తల కొంచెం తిప్పి చూసింది. తల్లిని గుర్తుపట్టింది. వెంటనే చెవిలోంచి ఒక చెయ్యి తీసి, అరచెయ్యి చాపి, అడ్డంగా పైకెత్తింది. ఆగమని. ఆ చేతిలో వణుకు లేదు. తర్వాత మళ్ళీ చెవి మూసుకుని గోడకి తిరిగిపోయింది.

సీలు మేడమ్ కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. అప్పుడు తెలిసింది ఆవిడకి. ఫిజిక్స్ సంచి కోసింది తను. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూసింది తను. ఈ స్కూలు మొత్తంలో ఈ పిల్ల దగ్గరికి రాకూడని మనిషి ఎవరైనా ఉంటే, అందరికన్నా ముందు తనే.

మధ్యలో ఇరవై అడుగులు. ఆవిడ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. వెనక్కి తిరిగింది. కూతురికి వీపు పెట్టి నిలబడి, నడుముకి దోపుకున్న ఫోను తీసి, లైబ్రేరియన్‌కి చేసింది. "పేపర్ల గది దగ్గరికి రండి. పరుగెత్తుకుంటూ రండి." అంతకు మించి ఒక్క అక్షరం మాట్లాడలేదు. అలాగని వదిలేసి వెళ్ళిపోలేదు కూడా. వెళ్తే వరండాలోకి పిల్లలెవరైనా రావచ్చు. తల్లీ కూతుళ్ళు ఎడమొహం పెడమొహంగా, ఒకళ్ళ వీపు ఒకళ్ళకి పెట్టి, రెండు నిమిషాలు నిలబడ్డారు. ఆటస్థలం నుంచి పిల్లల గుంపొకటి ఇటు రాబోయింది. సీలు మేడమ్ వాళ్ళ వంక ఒక్క చూపు చూసింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనుదిరిగారు.

లైబ్రేరియన్ ఆయాసపడుతూ వచ్చి, కూతురి పక్కన నిలబడి, భుజం తట్టి తీసుకెళ్ళింది. అప్పుడు టైము పదకొండూ ఇరవై. సీలు మేడమ్ కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుని, వాచీ చూసి, టైము అరచేతిలో పెన్నుతో రాసుకుంది.

పన్నెండింటికి కూతురు ఫిజిక్స్ రాయడం మొదలుపెట్టింది. ఏదైనా తేడా వస్తే పరీక్ష ఆపకూడదు, రాయించి, తర్వాత జరిగింది బోర్డుకి తెలియజెయ్యాలి. అది కూడా నియమమే. పన్నెండూ పదికి ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురు కూర్చున్నారు. ప్రిన్సిపాల్ ఆ ఏడే కొత్తగా వచ్చినాయన. నెమ్మదస్తుడు. ఇబ్బంది వస్తే చేతులు నలుపుకుంటాడు. కంప్యూటర్లో కెమెరా రికార్డింగులు పెట్టి చూశారు.

పదకొండూ పధ్నాలుగుకి కూతురు జిమ్ము తలుపులోంచి బయటికొచ్చింది. వెంటనే వెనక్కి తిరిగి తలుపు లాగింది. అది లోపలి నుంచే తెరుచుకునే తలుపు, రాలేదు. ఆటస్థలం వైపు నుంచి ఎవరో చెయ్యి ఊపారు. కూతురు తలొంచుకుని, చెవులు మూసుకుని, గోడ వారగా నడవడం మొదలుపెట్టింది. అక్కడితో ఆ కెమెరా చూపు అయిపోయింది. తర్వాతి కెమెరాలో, పేపర్ల గది ముందు, ప్రత్యక్షమైంది. వచ్చీ రాగానే తలెత్తి కెమెరా ఎక్కడుందో చూసుకుని, సరిగ్గా దాని కింద నిలబడింది. ఒక్కతే.

"చూశారా!" అన్నాడు శభాష్ సారు, కళ్ళు చెమర్చి. "ఎవరితోనూ మాట్లాడలేదు!"

"రెండు కెమెరాల మధ్య యాభై సెకన్లు ఉంది సార్," అంది సీలు మేడమ్. "అక్కడ ఏ కెమెరా లేదు."

ప్రిన్సిపాల్ చేతులు నలుపుకున్నాడు.

"మేడమ్, నా మాట వినండి. అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదని మన ముగ్గురికీ తెలుసు. ఆరు నిమిషాలు. అంతే కదా. బోర్డు వాళ్ళు ఎక్కడో కూర్చుని కాగితం చూస్తారు, అమ్మాయిని చూడరు. యాభై సెకన్లు అని రాస్తే వాళ్ళకి అనుమానం వస్తే? ఇది ఇక్కడితో వదిలేద్దాం."

"నేను తోడున్నానని రాసిస్తాను," అన్నాడు శభాష్ సారు. "నా వల్లే కదా ఇదంతా. ఆ ఆరు నిమిషాలూ నా పక్కనే ఉందని సంతకం పెడతాను. నా ఉద్యోగం పోతే పోనివ్వండి."

సీలు మేడమ్ అరచేతిలో రాసుకున్న టైము వంక చూసింది. అబద్ధమెందుకు, ఆశ పుట్టింది. ఒక్క సంతకం. ఒక్క సంతకంతో గోడ మీది ఉత్తరం గోడ మీదే ఉంటుంది. తను నోరు మూసుకుంటే చాలు. చుట్టూ ఉన్నవాళ్ళే బతిమాలుతున్నారు. వేరే వాళ్ళ పిల్ల అయితే ఈపాటికి పెన్ను తీసుకుని జరిగింది బోర్డుకి రాసేసేదే. తన పిల్ల కాబట్టి చెయ్యి రావట్లేదు. ఆ సంగతి తెలిసి ఆవిడకి తన మీదే ఒళ్ళు మండింది.

"మీరు మంచివాళ్ళు సార్. అందుకే మిమ్మల్ని ఏమీ అనలేకపోతున్నా," అంది శభాష్ సారుతో. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "సార్, ఆ పిల్లకి ఆటస్థలంలోకి వెళ్ళడానికి దారుంది. నా గదికి రావడానికి దారుంది. ఏదీ చెయ్యకుండా, తను ఒంటరిగానే ఉందని రుజువు దొరికే చోటు వెతుక్కుని, అక్కడ నిలబడింది. ఎందుకు? అడిగినవాళ్ళకి మనం చూపిస్తామని. ఇప్పుడు మనం ఇది దాచేస్తే, అది చేసిన పని కూడా దాచినట్టే. నా బిడ్డ దొంగలా గోడకి నక్కలేదు సార్. దాని ఆరు నిమిషాలు నేను దాచను."

"మరి ఆ యాభై సెకన్లు?"

"అవి కూడా రాస్తా. అవి రాస్తేనే మిగతా ఐదు నిమిషాలూ నమ్ముతారు."

కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది. శభాష్ సారు చెయ్యి కలిపిన అలవాటు రాసింది. జిమ్ము తలుపు రాసింది. యాభై సెకన్లు రాసింది. లైబ్రేరియన్ని జిమ్ము గుమ్మం బయటే నిలబెట్టి ఉండాల్సిందని, ఆ జాగ్రత్త తనకి తట్టకపోవడం తన తప్పని రాసింది. అక్కడ కొంచెం ఆగి, ఆఖరి పేరా రాసింది. 'ఉదయం ఫిజిక్స్ పేపరు తెరిచిన వ్యక్తి, అభ్యర్థి తల్లి, పదకొండూ పద్దెనిమిదికి అభ్యర్థికి ఇరవై అడుగుల దూరం దాకా వచ్చింది. దగ్గరికి రావద్దని అభ్యర్థి చేత్తో ఆపింది. ఆ తల్లిని నేనే.' పంతొమ్మిదేళ్ళలో బోర్డుకి పోతున్న మొదటి ఫిర్యాదు తన మీద తనే రాసుకుంది.

ప్రిన్సిపాల్ రెండు సార్లు చదివాడు. చేతులు నలుపుకోవడం మానేసి సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు, ఇరవై నాలుగు గంటల నియమం కదా. కూతురు భోంచేసి, పుస్తకం పట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. గిన్నెలు కడుగుతూ ఆవిడ భర్తకి జరిగిందంతా చెప్పింది. ఆయన ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ పూట ఒంటికాలి మీద లేచాడు.

"నిన్నెవరు రాయమన్నారు? వాళ్ళే వద్దంటుంటే నీకెందుకంత? నువ్వు దానికి తల్లివా, బోర్డువా?"

"తల్లినే. అందుకే పొద్దుట్నుంచీ ముద్ద దిగట్లేదు."

"మరి సీటు పోతే దాని మొహం ఎలా చూస్తావ్?"

ఆవిడ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. కాసేపటికి ఆయనే వచ్చి చేతిలోంచి గిన్నె తీసుకుని తుడిచి బోర్లించాడు. "చెయ్యి అడ్డం పెట్టిందా, నిజంగా?" అని అడిగాడు. "పెట్టింది," అంది. ఆయన చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయాడు.

మర్నాడు ఇరవై నాలుగు గంటలూ గడిచాయి. అయినా సీలు మేడమ్ అడగలేదు. బోర్డు తేల్చేదాకా ఆ పేపరు ఇంకా అయిపోయినట్టు కాదని తనకి తనే నియమం పెట్టుకుంది. కూతురు కూడా ఆ మాట ఎత్తలేదు. స్కూల్లో శభాష్ సారు శభాష్ అనడం మానేశాడు. పిల్లలు మార్కులు చూపిస్తే 'బాగుంది' అని ఊరుకునేవాడు. కుడి వైపు మేడంతా సారుకి జ్వరమొచ్చిందనుకుంది. సీలు మేడమ్ మిగతా పరీక్షలన్నీ ఎప్పటిలాగే జరిపింది. సంచులు అటు తిప్పి ఇటు తిప్పి చూపించింది. కాకపోతే ప్రతి గంటకీ ఒకసారి కంప్యూటర్లో ఉత్తరాలు తెరిచి చూసేది.

ఐదో రోజు పొద్దున పదిన్నరకి వచ్చింది.

ఒక్క పేజీ. రికార్డింగులు చూశామన్నారు. ఆటస్థలం వైపున్న మూడో కెమెరా రికార్డింగు కూడా కెమెరాల కంపెనీ నుంచి తెప్పించుకుని చూశామన్నారు. ఆ యాభై సెకన్లలో ఆ వరండాలోకి ఇంకెవరూ ప్రవేశించలేదని అందులో కనిపిస్తోందట. ఆ కెమెరా సంగతి స్కూల్లో ఎవరికీ తట్టనే లేదు. యాభై సెకన్లు ఉన్నాయని రాయకపోయి ఉంటే ఎవరూ దాన్ని వెతికి ఉండేవారు కాదు. అభ్యర్థి పేపరు మామూలుగానే దిద్దుతాం, ఏ చర్యా లేదు. ఇకపై కాపలా మనిషి హాలు గుమ్మం బయటే ఉండాలి. చివర్లో ఇంకో వాక్యం. 'అభ్యర్థికి నియమాలు ఆమె పర్యవేక్షకుల కంటే బాగా తెలుసని గమనించాం.'

ప్రిన్సిపాల్ ఆ కాగితం చేత్తో పట్టుకుని తనే నడిచొచ్చాడు. ఆయన వెనకాలే శభాష్ సారు. ఆఖరి వాక్యం చదివి ఆయన మొహం వెలిగిపోయింది. తన మీద పడిన అక్షింతలకి అంత సంతోషించిన మనిషిని సీలు మేడమ్ ఎక్కడా చూడలేదు. "శభాష్!" అన్నాడు. ఐదు రోజుల శభాష్‌లూ కలిపి ఒకేసారి అన్నట్టుగా అరిచాడు.

ఇంటర్వెల్‌లో కూతురు వచ్చింది. కాగితం చదివింది. ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఇప్పుడు అడగనా?" అంది సీలు మేడమ్.

"అడుగు."

"ఎలా రాశావే?"

"బాగా రాశా. నాలుగోది ఒక్కటే పోయింది."

"నాలుగోదా? అంత సులువైనది ఎలా పోగొట్టావే!" అనేసి, నోరు జారినందుకు ఆవిడే నవ్వేసింది. కూతురూ నవ్వింది. నవ్వి నవ్వి ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు నవ్వుతో వచ్చినవేనని ఇద్దరూ సరిపెట్టుకున్నారు.

"ఇంకోటి అడగనా?"

"అడుగమ్మా."

"నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టావ్. అప్పుడు నీకు నియమం గుర్తొచ్చిందా?"

కూతురు టేబుల్ మీది కత్తెర తీసి, తెరిచి మూసింది.

"నియమం అంతకు ముందు నుంచీ గుర్తుంది. గోడకి నిలబడి అదే జపం చేస్తున్నా కదా. నిన్ను చూశాక మాత్రం ఏడుపొచ్చింది. ఒక్క సెకను ఆలస్యమైతే ఏడ్చేసేదాన్ని. నేను ఏడిస్తే నువ్వు ఆగవు. వచ్చి పట్టుకునేదానివి."

సీలు మేడమ్ తల అడ్డంగా ఊపబోయింది. పంతొమ్మిదేళ్ళ సర్వీసు, రెండు తాళాలు, సాక్షుల సంతకాల రిజిస్టర్లు అన్నీ గుర్తొచ్చాయి. అవన్నీ పక్కన పెట్టి, బల్ల మీదుగా చెయ్యి చాపి, ఆ రోజు అడ్డంగా లేచిన అరచేతిని పట్టుకుంది.

"ఆగేదాన్ని కాదే," అని ఒప్పుకుంది.